నాయన ఇచ్చిన కల్వం

నా పరిశోధనను చెడగొట్టింది మా నాయన. ప్రేమ కొద్దీ చెడగొట్టాడు. ఆ సంగతి బయటపడ్డ రోజు నేను ఆయన్ను ఒక మాట అన్నాను. పరిశోధన తరవాత ఎలాగో గాడిన పడింది. ఆ మాట మాత్రం వెనక్కి రాలేదు. దాని గురించి రాద్దామనే కూర్చున్నాను, నా డిగ్రీ గొప్పలు చెప్పుకోవడానికి కాదు.

మాది ప్రొద్దుటూరు. నాయన బంగారం పని చేసేవాడు. మా ఇంటి ముందు గదే ఆయన కొట్టు. బజార్లో పెద్ద షాపులవాళ్లు ఇచ్చిన పని ఇంటికి తెచ్చుకుని చేసిచ్చేవాడు. అన్నిటికన్నా మీనా పనిలో ఆయనకు పేరు. నగ మీద చెక్కిన గుంటల్లో రంగు గాజు పొడి నింపి కాలిస్తే, అది కరిగి నెమలి మెడలా మెరుస్తూ అతుక్కుంటుంది. ఆ గాజును మెత్తగా నూరడానికి ఒక కల్వం ఉండేది. అగేటు రాయిది, తేనె రంగు, అరచేతిలో పట్టేంత. దాన్ని మా తాత వాడాడు, ఆయన తండ్రీ వాడాడు. దాంట్లో గాజు తప్ప ఇంకేదీ నూరడానికి వీల్లేదు. చిన్నప్పుడు నేను ఒకసారి దాంట్లో పసుపు కొమ్ము దంచితే నాయన నన్నేమీ అనలేదు గానీ, పూటంతా దాన్ని కడుగుతూ కూర్చున్నాడు.

నాకు నోరు దురుసు. "ఇది పుట్టినప్పుడు దీని నోట్లో తేనె బదులు యాసిడ్ చుక్క పడిందేమో" అనేది అమ్మ. నవ్వుతూనే అనేది గానీ, అబద్ధం మాత్రం కాదు.

ఎమ్మెస్సీ అయ్యాక జమ్మలమడుగులో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పని దొరికింది. పర్మనెంటు కాదు. పీహెచ్‌డీ ఉంటే చేస్తామన్నారు. అందుకని పులివెందులలో ఒక మేడం దగ్గర పరిశోధనకు చేరాను. వారంలో నాలుగు రోజులు జమ్మలమడుగులో పాఠాలు, రెండు రోజులు పులివెందులలో ల్యాబు. మధ్యలో ముద్దనూరులో బస్సు మారడం. ఆదివారం వీలైతే ప్రొద్దుటూరు. ఇట్లా ఐదేళ్లు తిరిగాను. మేడంది గుంటూరు వైపు. మా మాట ఆమెకు మొరటుగా వినబడేది, ఆమె మాట మాకు సినిమాలోలా వినబడేది. కానీ మనిషి బంగారం.

నా విషయం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కార్బన్‌ను ఒక్క పరమాణువు మందం పొరగా విడదీయొచ్చని తేలాక, లోకమంతా మిగతా మూలకాల మీద పడింది. ఫాస్ఫరస్, బోరాన్, బిస్మత్, ఆంటిమొనీ, ఏదైనా సరే. ఒకే మూలకం, పొడవూ వెడల్పూ తప్ప మందం లేదనిపించేంత పలచటి పొర. రెండు కొలతల పదార్థాలంటారు వాటిని. ముద్దగా ఉన్నప్పుడు లోపల దాక్కున్న పరమాణువులు అంత పలచగా పరిచేసరికి అన్నీ పైకొస్తాయి. పైనున్న పరమాణువే పని చేస్తుంది. కాబట్టి ముద్దగా ఉన్నప్పుడు ఎందుకూ కొరగాని మూలకం కూడా పొరగా మారితే మంచి ఉత్ప్రేరకం అవుతుందేమోనని అందరి ఆశ.

నాకు వచ్చింది ఆంటిమొనీ. దాని ఖనిజాన్ని నూరే పూర్వం కంటికి పెట్టుకునే సుర్మా చేసేవాళ్లు. కరెంటు పంపి నీళ్లలోంచి హైడ్రోజన్ తీయాలంటే ప్లాటినాన్ని మించింది లేదు. అది అరుదు, ధర చెప్పనక్కర్లేదు. దాని బదులు ఈ ఆంటిమొనీ పొరలు వాడుకోగలమా అన్నదే నా ప్రశ్న. నా డిగ్రీ, దాంతోపాటు నా ఉద్యోగం, ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఆధారపడి ఉన్నాయి.

నాయనకు ఇదంతా వినడం ఇష్టం. పని చేస్తూనే అడిగేవాడు.

"ఎంత సన్నం చేస్తాండారు పాపా? నా రేకు కన్నా సన్నమా?"

ఆయన రేకు తక్కువదేం కాదు. బంగారాన్ని సాగ్గొట్టి కిటికీకి అడ్డంగా పట్టుకుంటే వెలుతురు పచ్చగా, ఆకు పచ్చగా దాంట్లోంచి వచ్చేది. చిన్నప్పుడు నాకు అది చూపించి, "సూర్యుణ్ణి బంగారంలోంచి చూసినోళ్లు శానామంది ఉండరు" అన్నాడు.

"నీ రేకు కన్నా వంద వంతులు సన్నం నాయనా" అన్నాను.

"మరి పట్టుకునేది ఎట్లా?"

"పట్టుకోలేం. నీళ్లల్లో తేలతాంటాది."

"ఉత్ప్రేరకం అంటే మా వెలిగారం లాంటిదా? వెలిగారం చల్లకుంటే టంకం పారదు."

"అట్లాంటిదే గానీ, మీ వెలిగారం కరిగిపోతాది. ఇది పని చేసినాక కూడా అట్లనే ఉంటాది. అట్లాంటి వాటన్నింట్లోకీ గొప్పది ప్లాటినం. మాకు ప్లాటినం కుదరదు, అందుకే సుర్మాతో తంటాలు పడతాండాం."

ఆ చివరి మాటలు నేనే అన్నాను. "కుదరదు" అన్నాను. ఎందుకు కుదరదో చెప్పలేదు. వినేవాడు తండ్రి అని, కూతురికి ఏదో కుదరడం లేదని వింటే తండ్రి ఊరుకోడని నాకు తట్టలేదు.

పొరలు తీయాలంటే ముందు ఆంటిమొనీని కల్వంలో చాలాసేపు నూరాలి. తరవాత ఆ పొడిని స్పిరిట్టు కలిపిన నీళ్లలో వేసి, చెవికి వినబడని శబ్దంతో కుదిపితే పొరలు విడిపోతాయి. రెండో ఏడు మా ల్యాబులో కల్వం పగిలింది. కొత్తది కావాలని రాస్తే నెలలు పట్టేట్టుంది. ఇంట్లో ఆ మాట అన్నాను. నాయన చేతిలో పని కింద పెట్టాడు.

"నాది ఉంది గదా. దాంట్లో లోహం యానాడూ తగలనీలేదు, ఒట్టి గాజే. నీ పనికి పనికొస్తాదా?"

"పనికొస్తాది గానీ, నీకు?"

"నా కండ్లకు మీనా పని యాడ కనపడతాంది ఇప్పుడు. నువ్వు తీసకపో. ఈ వారం కాదు, వచ్చే వారం."

వచ్చే వారం ఎందుకని నేను అడగలేదు. రాయి మీద మమకారం, ఒక వారం దగ్గర పెట్టుకుంటాడు కాబోలు అనుకున్నాను. ఆ పై ఆదివారం ఎర్ర గుడ్డలో చుట్టి రెండు చేతులతో ఇచ్చాడు. అమ్మ దానికి కుంకుమ పెట్టబోతే వద్దన్నాడు. "సైన్సుకు పోతాంది, ఏమీ అంటుకోగూడదు" అన్నాడు.

ల్యాబులో నేను దాన్ని నైట్రిక్ ఆసిడ్‌తో రెండుసార్లు కడిగాను. ల్యాబులో పద్ధతి అది. నైట్రిక్ ఆసిడ్ ఒక్కటే బంగారాన్నీ ప్లాటినాన్నీ ఏమీ చేయలేదని, రెండు ఆసిడ్లు కలిపితే తప్ప అవి కరగవని కంసాలి ఇంట పుట్టిన నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కానీ ఆ రాయిలో గాజు తప్ప ఇంకేదైనా ఉంటుందని ఎందుకు అనుకుంటాను?

మొదటిసారి ఆ కల్వంలో నూరి తీసిన పొరలతో ప్రయోగం చేసినప్పుడు తెర మీద గీత లేచిన తీరు ఇప్పటికీ నా కళ్లముందుంది. చాలా తక్కువ వోల్టేజీకే బుడగలు. ప్లాటినానికి కాస్త ఇటుగా, అంతే. నేను కుర్చీలోంచి లేచాను. మేడం మాత్రం కదల్లేదు.

"మళ్ళీ చెయ్యమ్మా. ఒక్కసారి వచ్చింది రెండోసారి రాకపోతే మనం రాయకూడదు."

మళ్లీ చేశాను. వచ్చింది. మూడోసారీ వచ్చింది. అంతకుముందు చాలా ల్యాబుల్లో కరెంటు పారడానికి నీళ్లలో ముంచే రెండు కడ్డీల్లో రెండోదిగా వాడిన ప్లాటినం తీగే కరిగి, పొరలు పూసిన మొదటిదాని మీదికి చేరి, తప్పుడు ఫలితాలు ఇచ్చిందని మేడంకు తెలుసు. అందుకే ఆమె ముందే జాగ్రత్తపడి మాచేత గ్రాఫైటు కడ్డీ వాడించింది. మా ప్రయోగంలో ఎక్కడా ప్లాటినం లేదు. అట్లా అనుకున్నాం. పేపరు రాశాం. అది అచ్చయింది.

నాయన సంబరం చెప్పలేను. ఇంగ్లీషు రాదు, అయినా ఆ పేజీలు తిరగేసి తిరగేసి చూశాడు. గీతలున్న బొమ్మ దగ్గర ఆగి, ఇది నువ్వు గీసిందా అని అడిగాడు. బజార్లో కనబడ్డవాళ్లందరికీ, "మా పాప సుర్మాతో నీళ్లు పగలగొడతాందప్పా" అని చెప్పుకున్నాడు. నేను ఇంటికి పోయినప్పుడల్లా మొదటి ప్రశ్న, "రాయి బాగా పనిచేస్తాందా?" అని. నేనెట్లున్నానో రెండోది. నాకు నవ్వొచ్చేది. రాయికి ఫోనిచ్చి మాట్లాడిస్తా ఉండు అని వెక్కిరించేదాన్ని.

ఏడాది తిరిగేసరికి ఫలితాలు పడిపోవడం మొదలైంది. మొదట్లో తీసిన పొరలు పనిచేసినట్టు తరవాతివి చేయడం లేదు. చేయి తప్పుతోందేమోనని ఇంకా ఎక్కువసేపు నూరాను. భుజం నొప్పి తప్ప ఏమీ రాలేదు. అదే సమయంలో వేరే ఊరి ల్యాబు నుంచి మేడంకు ఉత్తరం వచ్చింది, మర్యాదగానే. మీరు రాసిన పద్ధతిలో చేశాం, మాకు అంత పని జరగలేదు, మీ పొడి కొంచెం పంపగలరా అని. మేడం పంపింది. పంపడంతో ఆగకుండా, మా దగ్గర మిగిలిన మొదటి పొడిని లోహాల జాడ కనిపెట్టే పరీక్షకు బయటికి కూడా ఇచ్చింది.

ఆ ఫలితం వచ్చిన రోజు నేను జమ్మలమడుగులో ఉన్నాను. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచినప్పుడు ఫోను.

"ప్లాటినం ఉందమ్మా" అంది మేడం. గొంతు ఎప్పటిలాగే ఉంది. "చాలా కొంచెం. కానీ దానికి ఆ కొంచెం చాలు. ఇన్నాళ్లూ మనం చూసింది ఆంటిమొనీ పని కాదు."

"యాడ నుంచి వచ్చింది మేడం?"

"అదే ఆలోచిద్దాం. నీళ్లు, ఆసిడ్లు, సీసాలు, అన్నీ. నువ్వు వాడే కల్వం... నాన్నగారు బంగారం పని చేస్తారు కదా."

"దాంట్లో గాజు తప్ప నూరలేదు మేడం."

"సరే. అయినా ఒకసారి అడుగు."

అన్నం డబ్బా మూసేసి ప్రొద్దుటూరు బస్సెక్కాను. మూడు దాటేసరికి ఇంట్లో ఉన్నాను. నాయన పీట మీద కూర్చుని తాళిబొట్టు గొలుసు లంకెలు అతుకుతున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను.

"నాయనా, ఆ రాయిలో ప్లాటినం ఏమన్నా తగిలిందా ఎప్పుడన్నా?"

ఆయన ఊదుగొట్టం కింద పెట్టాడు. ముఖం వెలిగింది. ఆ వెలుగు నేను చూశాను, చూసి కూడా నోరు ఆపుకోలేదు. అదే నా పాపం.

"కనుక్కున్యారా?" అన్నాడు. "నేను చెప్పగూడదనుకున్యా. పని చేసిందా అది?"

"ఏం చేసినావు?"

ఆయన చెప్పాడు. కొన్నేళ్ల కింద కువైట్ నుంచి వచ్చినాయన ఒకరు ప్లాటినం ఉంగరం పెద్దదయిందని తెచ్చాడట. కొంచెం కోసి చిన్నది చేసిస్తే, ఆ కోసిన ముక్క నువ్వే పెట్టుకో అప్పా అని ఇచ్చిపోయాడు. నాయన దాన్ని వక్కల డబ్బాలో దాచాడు. తన కుంపటికి కరగని లోహం అదొక్కటే అని అపురూపం. మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. పనిముట్టు బిడ్డకు ఇచ్చేటప్పుడు ఒట్టిది ఇవ్వరు. ఇంట్లో ఉన్న మేలైన లోహం కొంచెం దానికి రుద్ది ఇస్తారు, చేతికి కలిసి రావాలని. నాయన సుత్తికి కూడా వాళ్ల నాయన బంగారం రుద్దే ఇచ్చాడు. నాకు రాయి ఇచ్చే ముందు నాయన వారం పాటు, రోజూ కొంచెం, ఆ ప్లాటినం ముక్కను కల్వం లోపల రుద్దాడు. కంటికి కనబడకుండా సన్నగా, రాయి నెరియల్లో ఇంకేట్టు.

"మీకు ప్లాటినం కొనే తాహతు లేక గదా ఆ సుర్మా పట్టుకొని దేవులాడతాండారు" అన్నాడు. "నువ్వు అడగవు. చెప్తే వద్దంటావు. అందుకే చెప్పకుండా రుద్దినా. పని చేసిందా పాపా?"

పని చేసింది. అంతా అదే పని చేసింది. నా మూడేళ్ల పనీ అదే.

నేను అరవలేదు. అరిచినా బాగుండేది. నెమ్మదిగా, ఒక్కో మాటా తగిలేట్టు అన్నాను.

"నిన్ను ఎవరు రుద్దమన్యారు? ప్లాటినం లేకుండా చేయాలనే గదా నేను చచ్చేది. నీ చెయ్యి తగిలింది, నా బతుకు నాశనమయింది. ఇంకెప్పుడూ నా వస్తువు దేన్నీ ముట్టుకోవాకు."

అమ్మ వంటింట్లోంచి వచ్చి గడపలో నిలబడింది. నాయన నన్ను చూడలేదు, తన చేతుల్ని చూసుకున్నాడు. "రెండు యాసిడ్లు కలిపి కడిగితే పోతాది పాపా" అన్నాడు. "నేను కడిగిస్తా, తే."

"వద్దు" అని నేను మళ్లీ బస్టాండుకు నడిచాను.

మేడంకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"తప్పు జరిగింది. దాచామంటే అప్పుడు అది మోసం అవుతుంది. వెనక్కి తీసుకుంటున్నామని రాద్దాం. ఎట్లా జరిగిందో కూడా రాద్దాం, ఇంకొకళ్లకు పనికొస్తుంది." తరవాత, పోబోతున్న నన్ను ఆపి, "మీ నాన్నగారిని ఏమీ అనలేదు కదా?" అంది. అనలేదని చెప్పాను. మేడంతో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

పేపరు వెనక్కి తీసుకున్నాం. కొత్త కల్వంతో, కొత్త సీసాలతో, మొదటి నుంచీ మొదలుపెట్టాను. ఏడాదిన్నర పట్టింది. ఒట్టి ఆంటిమొనీ పొరలు హైడ్రోజన్ తీయడంలో ఏదో కొద్దిగా పనిచేస్తాయి, గొప్పగా కాదు. పొరల అంచుల దగ్గరే ఆ కొద్ది పనీ జరుగుతుందని చూపించగలిగాను. అది చిన్న ఫలితం, కానీ ఎవరు చేసినా వస్తుంది. థీసిస్‌లో ఒక అధ్యాయమంతా ప్లాటినం ఎట్లా కలిసిందో, రాయిలోది అరిగేకొద్దీ ఫలితం ఎట్లా పడిపోయిందో, ఆ సంగతే. "ఈ కల్వం అంతకుముందు ఒక స్వర్ణకారుని పనిలో ఉండేది" అన్న వాక్యం నేనే రాశాను. రాసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

నాయనలో మార్పు నాకు ఆలస్యంగా తెలిసింది. అంతకుముందు నేను ఊరికి పోయేటప్పుడు నా బ్యాగు ఆయనే బస్టాండుదాకా మోసేవాడు. ఇప్పుడు పక్కనే నడిచేవాడు, చేతులు వెనక కట్టుకుని. బరువుగా ఉంది పట్టుకో అంటే, "నువ్వే మోయి పాపా, అలవాటయితాది" అనేవాడు. వయసు మీద పడిందనుకున్నాను. నా టిఫిన్ డబ్బా అమ్మ చేత ఇప్పించేవాడు. నేను మంచం మీద పుస్తకాలు పరిస్తే దూరంగా జరిగి కూర్చునేవాడు. రాయి గురించి, పొరల గురించి, మళ్లీ అడగలేదు.

ఒకసారి తెగించి అన్నాను. "నాయనా, ఆ రోజు నేనన్న మాట మనసులో పెట్టుకోవాకు."

"ఏ మాట?" అన్నాడు. నిజంగా గుర్తులేనివాడిలా అన్నాడు. నేను ఆ మాట మళ్లీ పలకలేకపోయాను. పలికి, తప్పయిందని చెప్పి ఉండాల్సింది. ఇన్ని మాటలు వచ్చిన నోటికి ఆ ఒక్కటీ రాలేదు.

వైవా రోజున అమ్మా నాయనా ఇద్దరూ పులివెందులకు వచ్చారు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. హాల్లోకి రమ్మంటే గడప దాటలేదు. బయట వరండాలో బెంచీ మీదే కూర్చున్నాడు. లోపల నేను ప్లాటినం అధ్యాయం చెప్తున్నప్పుడు కిటికీలోంచి ఆయన తల వెనక భాగం కనబడుతోంది. అయ్యాక మేడం బయటికి వచ్చి, "మీ అమ్మాయి డాక్టరయిందండి" అంది. నేను థీసిస్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టబోయాను. ఆయన చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

"నువ్వు తిప్పు. నేను చూస్తా" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు, బ్యాగు, డబ్బా, మంచం, అన్నీ ఒక్కసారే. వరండాలో అంతమంది మధ్య నిలబడి పేజీలు తిప్పాను, కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే. ఆయన ప్రతి పేజీ చూశాడు. అందరూ సంతోషం ఎక్కువై ఏడుస్తున్నానని అనుకున్నారు.

జమ్మలమడుగు కాలేజీలో నన్ను పర్మనెంటు చేశారు. ఆ ఎండాకాలమే నాయన మంచం పట్టాడు. నలభై ఏళ్లు ఆసిడ్ పొగ పీల్చిన ఊపిరితిత్తులు ఎన్నాళ్లు మోస్తాయి? ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చాం. మధ్యాహ్నాలు అమ్మ ఇంటికిపోయి స్నానం చేసి వచ్చేదాకా నేను పక్కన కూర్చునేదాన్ని.

ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నాడనుకుని ఆయన చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. వేళ్ల చివర్లు ఆసిడ్‌కు నల్లబడి, గోళ్లు అరిగిపోయి, అయినా మెత్తగా ఉంది. తప్పయింది నాయనా అన్నాను. నెమ్మదిగానే అన్నాను గానీ, ఈసారి పైకే అన్నాను. ఆయన కళ్లు తెరిచి నన్ను చూశాడు. విన్నాడో లేదో తెలియదు.

"రేపు ల్యాబుకు పోవాల గదా పాపా నువ్వు" అన్నాడు.

లేదు నాయనా, రేపు ల్యాబు లేదు అని నేను చెప్తూనే ఉన్నాను. ఆయన అప్పటికే తన చెయ్యి నా చేతుల్లోంచి తీసుకుని దుప్పటి కింద పెట్టుకున్నాడు.